స్థలము లేని కార్డు

భద్రాచలంలో మా ప్రెస్సు షట్టరు ఎత్తకముందే వచ్చి నిలబడేది చావు జరిగిన ఇంటివాళ్లు. ఫోటో, జననం, మరణం, దశదిన కర్మ తేదీ, స్థలము: కర్మ కార్డులో ఉండేవి ఇవే. ట్రెడిల్ మెషీన్ రోజుల్లో చుట్టూ నల్ల రూళ్లు బిగించేవాణ్ని, ఇప్పుడు ఫ్లెక్సీ గంటలో చేతికిస్తాం. పెళ్లి పత్రికకు పసుపు పెడతారు, ఈ కార్డును మాత్రం చాలా ఇళ్లలో చదివి గుమ్మం బయటే చించేస్తారు.

ఒక డిసెంబరులో నేవీలో చేసి రిటైరైన పాల్వంచ పెద్దాయన వచ్చారు.

"వంద కార్డులు కావాలి బాబూ. ఫోటో లేదు."

"ఎవరు పోయారండీ?"

"194 మంది."

1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడోకు మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదల్లేదు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు.

పెద్దాయన చెబుతుంటే అలవాటుకొద్దీ "స్థలము" అని కంపోజ్ చేసి ఆగిపోయాను. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటకు తిరిగొచ్చాడు, జనం పూలు చల్లి సాగనంపారు. ఖుక్రీ వాళ్లలో ఎందరి ఇళ్లకో ఆ చివరి చూపు కూడా దక్కలేదు. అలాంటప్పుడు పేరు అచ్చులో ఉండటమే అంత్యక్రియ. మా అడవి వైపు కోయలు పోయినవాళ్ల పేరున రాయి నిలబెడతారు. డయ్యూలో ఖుక్రీ నమూనాను అద్దాల్లో పెట్టి స్మారకం కట్టడమూ అలాంటిదే.

విశాఖ ఆర్కే బీచ్‌లో 1996లో కట్టిన విజయ స్మారకం దగ్గర ఏటా డిసెంబరు 4న నేవీ పుష్పగుచ్ఛాలు ఉంచుతుంది. 1971లో ఆ తేదీ రాత్రే మన మిస్సైల్ బోట్లు కరాచీ రేవును కొట్టాయి. అంతకు కాస్త ముందే విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ లోపలున్న అందరితో సహా మునిగింది. అవతలివాళ్ల తల్లులకూ శవం దక్కలేదు. ఆ సంగతి తలచుకోకుండా ఆ స్మారకం ముందు నిలబడలేను.

"స్థలము" తీసేసి ఓడ పేరు, తేదీ, 194 అన్న అంకె పెద్ద అక్షరాల్లో వేశాను. డబ్బులు తీసుకోనన్నా వినకుండా పెద్దాయన బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఒక కార్డు మిగిలింది. దాన్ని చించలేదు. కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను.