భద్రాచలం గుడి, రామదాసు నగలు

మా తొమ్మిదో తరగతి వాళ్ళం కల్లూరు నుండి భద్రాచలం యాత్రకు పోయి వచ్చినాము. జ్వరాలొచ్చి హాస్టల్‌లోనే ఉండిపోయిన వాళ్ళ కోసం అక్కడ చూసినవి, తెలుసుకున్నవి రాస్తున్నాను.

కొత్తగూడెం, పాల్వంచ, సారపాక దాటినాక గోదావరి వంతెన వచ్చింది. అందరం కిటికీలకు అతుక్కుపోయినాము. వార్డెన్ మేడమ్ తలకాయలు లోపల పెట్టమని అరిచినా ఎవరూ వినలేదు (క్షమించండి మేడమ్).

గుడి కట్టించింది కంచర్ల గోపన్న. ఆయననే రామదాసు అంటారు. ఊరు మన నేలకొండపల్లే. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు డబ్బు ఆరు లక్షలు గుడికి, నగలకు ఖర్చు పెట్టినాడని గోల్కొండ కోటలో 12 ఏండ్లు జైల్లో వేసినారట. రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో పోయి ఆ బాకీ కట్టి విడిపించినారని కథ. తానీషా గద్దె మీద ఉన్నది 1672 నుండి 1687 దాకా, అంటే 15 ఏండ్లే. అందులో 12 ఏండ్లు ఈయన జైల్లోనే!

ఆ శిస్తు రైతులు కట్టిందే గదా, ఆరు లక్షలు వాళ్ళవి కావా అని నేను సోషల్ సారును అడిగినాను. సారు కాసేపు ఆలోచించి, "గోడపత్రికలో రాయి" అన్నారు. అందుకే రాస్తున్న.

గుళ్ళో రాముడికి నాలుగు చేతులు. విల్లు, బాణంతో పాటు శంఖం, చక్రం కూడా ఉంటాయి. సీతమ్మ ఎడమ తొడ మీద కూర్చొని ఉంటది. ఈసారి పోయినవాళ్ళు తొందరపడకుండా చూడండి, వెనకవాళ్ళు తోస్తనే ఉంటారు.

నగలు మ్యూజియంలో అద్దాల పెట్టెల్లో పెట్టినారు. సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, భరతుడికి పచ్చల పతకం. జైల్లో ఉన్నప్పుడు రామదాసు ఈ నగలన్నీ ఒక కీర్తనలో దేవుడికే లెక్క చెప్పినాడు. చింతాకు అంటే మనం పప్పులో వేసుకునే చింతాకే.

అక్కడ ఒక ముసలామె, మా కోయామె, నా చున్నీ పట్టుకొని ఏం రాసినారో చెప్పమన్నది. నేను తెలుగులో చదివి కోయ భాషలో చెప్పిన. ఇంకో నలుగురు వచ్చి నిలబడి విన్నారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నేను చదువుతుంటే పెద్దవాళ్ళు వినడం అదే మొదలు.

అన్నీ విని ఆమె, "మరి దమ్మక్కది ఏది?" అన్నది.

దమ్మక్క గోపన్న కంటే ముందు మనిషి. ఆదివాసీ ఆడామె. పుట్టలో విగ్రహాలు కనిపిస్తే గోదావరి నీళ్ళతో కడిగి, పందిరేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. నేను పెట్టెలన్నీ మళ్ళీ చూసి వచ్చిన. "ఆమె పెట్టింది తాటిపండు గదా అవ్వా, పండు ఇన్నాళ్ళు ఉంటదా?" అన్న.

"పండు ఉండదు, టెంక మొలుస్తది గదా" అన్నది.

వచ్చేటప్పుడు నేనూ, నా పక్కన కూర్చున్న పిల్లా బస్సులో నుండి తాటిచెట్లు లెక్క పెట్టినాము. పాల్వంచ రాకముందే లెక్క తప్పింది.