వైఫై ఫుల్, యాప్ మాత్రం తిరుగుతూనే ఉంది: తప్పు ఫిల్టర్ సర్వర్‌దేనా?

హాస్టల్ వైఫైకి కనెక్ట్ అయ్యారు, సిగ్నల్ ఫుల్. రేపు ఎగ్జామ్ ఫీజుకి ఆఖరి రోజు. పేమెంట్ యాప్ చూస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. వెంటనే అందరం అనే మాట ఒకటే: "బ్లాక్ చేసేశారు!" కంప్లైంట్లు ఎక్కువైతే అడ్మిన్ విసుగొచ్చి ఫిల్టర్ మొత్తం ఆపేస్తాడు. నాకు అస్సలు నచ్చని పద్ధతి ఇది. ఎందుకంటే కావాలని ఆపినదీ, దారిలో చెడిపోయినదీ మన ఫోన్‌లో ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది సర్వర్ దగ్గరే.

వెబ్ ఫిల్టర్ సర్వర్ అంటే మన ఫోన్లకీ ఇంటర్నెట్‌కీ మధ్యలో కూర్చున్న కంప్యూటర్. చాలాచోట్ల అందులో నడిచేది స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ సాఫ్ట్‌వేర్. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ రాసినట్టు, తన దగ్గరికొచ్చిన రిక్వెస్టులను అది యాక్సెస్ లాగ్ అనే ఫైల్‌లో లైన్ లైన్‌గా రాస్తుంది. నేను మొదట తెరిచేది ఆ ఫైలే. ఫోన్ ఐపీ అడ్రస్ తీసుకుంటా, యాప్ మళ్ళీ ఓపెన్ చేయమంటా, లాగ్‌లో ఏం పడుతుందో చూస్తా.

"డినైడ్ 403" అని పడితే గొడవే లేదు, రూల్ ఆపింది. 407 అయితే ప్రాక్సీ లాగిన్ అడుగుతోంది. 200 అని ఉండి కూడా అందరికీ స్లోగా ఉంటే, సర్వర్ డిస్క్ నిండిందా, డీఎన్ఎస్ సరిగా జవాబిస్తోందా చూడాలి. సైట్ మొదట కాసేపు ఆగి, ఆ తర్వాత జోరుగా వస్తే నా అనుమానం డీఎన్ఎస్ మీదే. అన్నట్టు, లాగ్‌లో రెండో కాలమ్ పట్టిన టైమ్, మిల్లీసెకన్లలో. హెచ్‌టీటీపీఎస్‌కి మాత్రం అది టన్నెల్ తెరిచి ఉన్న మొత్తం టైమ్. పెద్ద నంబర్ చూసి కంగారు పడొద్దు.

అసలు మజా ఎక్కడంటే, లాగ్‌లో లైనే పడకపోతే! అంటే ఆ ట్రాఫిక్ ప్రాక్సీ దాకా రాకపోయి ఉండొచ్చు. అప్పుడు టీసీపీడంప్ అనే టూల్‌తో ఆ ఒక్క ఫోన్ ప్యాకెట్లు ఎటు పోతున్నాయో చూడాలి. యూడీపీ 443 కనిపిస్తే అది క్విక్ ప్రోటోకాల్. క్రోమ్, యూట్యూబ్ దీన్ని బాగా వాడతాయి. స్క్విడ్ పట్టుకునేది టీసీపీని కాబట్టి ఇది పక్క నుంచి వెళ్ళిపోతుంది. ఫైర్‌వాల్ దాన్ని చప్పుడు చేయకుండా పారేస్తే యాప్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. "కుదరదు" అని తిప్పి పంపితే త్వరగా టీసీపీకి మారుతుంది.

పోర్ట్ 853 మీద ప్యాకెట్లు వెళ్ళి జవాబు రావట్లేదా? అది ఆండ్రాయిడ్ 9 నుంచి వచ్చిన ప్రైవేట్ డీఎన్ఎస్. అందులో మీరు సర్వర్ పేరు టైప్ చేసి పెట్టుంటే, నెట్‌వర్క్ ఆ పోర్ట్‌ని మూసేస్తే, మీ ఫోన్‌లో ఏ సైటూ రాదు. పక్కవాడి ఫోన్‌లో అన్నీ వస్తుంటాయి! సెట్టింగ్‌ని ఆటోమేటిక్‌కి మార్చండి, చాలు.

ఇక ఆ పేమెంట్ యాప్ సంగతి. బ్రౌజర్‌లో అదే సైట్ వస్తోంది, యాప్ రావట్లేదు అంటే నేను చూసేది సర్టిఫికెట్. కొన్ని ఫిల్టర్లు హెచ్‌టీటీపీఎస్‌ని మధ్యలో విప్పి చూస్తాయి. అందుకోసం మన ఫోన్‌లో ఒక సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయిస్తారు. క్రోమ్ దాన్ని నమ్ముతుంది. కానీ ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మామూలుగా అలాంటివి నమ్మవు, కనెక్షన్ తెంపేస్తాయి. యాప్ చేసింది కరెక్టే! ఆ ఒక్క పేరునీ విప్పి చూసే లిస్టు నుంచి తీసేస్తే పని అయిపోతుంది, ఫిల్టర్ ఆపక్కర్లేదు. అయినా మన బ్యాంకు లావాదేవీలు విప్పి చూడాల్సిన పని హాస్టల్‌కి ఏముంది చెప్పండి?

అడ్మిన్‌కి "నెట్ రావట్లేదు సార్" అని మెసేజ్ పెట్టకండి. మీ ఐపీ అడ్రస్, యాప్ పేరు, ఎన్ని గంటలకి ట్రై చేశారో నిమిషంతో సహా రాయండి. లాగ్‌లో ఆయన వెతకగలిగేది వాటితోనే.