కరువు సీమలో గిటార్

మన అనంతపురం పీఠభూమిపై సాలుకు సగటున కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు దాటి వచ్చే నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి వట్టిపోయి ఉంటుంది. ఈశాన్య ఋతుపవనం కోస్తాను తడిపి, మన దాకా వచ్చేలోగా అలసిపోతుంది. వేరుశనగ రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ఈ పొడిగాలి గిటార్‌ను కూడా విడిచిపెట్టదని తెలుసుకొనడానికి మాకు ఒక వేసవి, ఒక మంచి వాద్యం ఖర్చయినవి.

ఆ వాద్యం మా ఐదుగురి ఉమ్మడి సొత్తు. మేము వృత్తి సంగీతజ్ఞులం కాము. ఈ కళాశాలలో ఉర్దూ, వాణిజ్యం, భౌతికశాస్త్రం చదివినవారం, చదువుతున్నవారం. విద్యార్థి వేతనాలలో మిగిల్చినది, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వారికి తోడుగా కూర్చుని సంపాదించినది కలిపి, బెంగళూరులో ఒక పాత గిటార్ కొన్నాము. దాని పైపలక స్ప్రూస్ అనే మేలైన చెక్క. దానిని ఒక మిత్రుని ఇంటి మిద్దెపై, రేకుల గదిలో గోడకు తగిలించి వేసవి సెలవులకు వెళ్ళిపోయాము. తిరిగి వచ్చి చూడగా గుర్రం దిగువన జానెడు పొడవున పైపలక చీలి ఉన్నది. మెట్ల చివరలు దండి అంచులను దాటి బయటికి పొడుచుకొని వచ్చి, చేయి జరిపితే అరచేతిని గీరుతున్నవి. దానిని ఎవరూ పడవేయలేదు. ఎండ చేసిన పని అది.

కారణం మా భౌతికశాస్త్ర మిత్రుడు తరువాత విడమరచి చెప్పాడు. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, తేమను విడిచి కుంచించుకొంటుంది. ఈ మార్పు నార పొడవున దాదాపు ఉండదు. నారకు అడ్డంగానే ఎక్కువ. గిటార్ పైపలక మందం మూడు మిల్లీమీటర్లకు మించదు. దాని అడుగున బలం కొరకు సన్నని బద్దలు అడ్డంగా అతికించి ఉంటారు. పలక కుంచించుకొనబోతుంది, బద్ద ఒప్పుకొనదు; ఆ పెనుగులాటలో పలక చీలుతుంది. మెట్లు లోహం గనుక కుంచించుకొనవు. వాటిని పట్టుకొన్న చెక్క మాత్రం సన్నబడుతుంది. అందుచేతనే అవి బయటికి వచ్చినవి. పేరున్న తయారీదారులు తమ పనిశాలలో గాలి తేమను 45 నుండి 50 శాతం మధ్య నిలిపి గిటార్లు చేస్తారు. మన ఏప్రిల్, మే మధ్యాహ్నాలలో అది అందులో సగానికి పడిపోవుట వింత కాదు.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి నిర్మొహమాటంగా చెప్పవలెను. మొదటి గిటార్ కొనదలచిన మన విద్యార్థి ఖరీదైన ఒంటి పలక గిటార్ జోలికి పోరాదు. కలకత్తా చిత్పూర్ ప్రాంతం చిరకాలంగా వాద్యాల అంగళ్ళకు ప్రసిద్ధి. గివ్‌సన్, హాబ్నర్ వంటి కలకత్తా పేర్లు మన పట్టణాల అంగళ్ళలో కూడా కనిపిస్తవి. ఇటువంటి తక్కువ ధర గిటార్లలో చాలావాటికి పైపలక ప్లైవుడ్. దానిలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉండుటచేత అది సులభంగా చీలదు. నాదం కొంత మందగిస్తుంది, నిజమే. అయినా జూన్‌లో చేతికి నిండుగా దొరికే వాద్యం, మే నెలలోనే చీలిపోయే వాద్యం కంటె మేలు కాదా!

మా ఉర్దూ శాఖ మిత్రుడు ఈ వాద్యపు వంశవృక్షం గురించి ఎప్పుడూ వాదిస్తూ ఉంటాడు. ఫార్సీలో తార్ అంటే తీగ; సితార్ అంటే మూడు తీగలది. గిటార్‌లో చివర ‘తార్’ వినిపించుట చేత అది కూడా ఆ కుటుంబమే అని చాలామంది తలుస్తారు. అది సరికాదు. గ్రీకుల కితారా అనే మాట అరబ్బీ ద్వారా స్పెయిన్ చేరి గితార్రా అయినదని నిఘంటుకారుల నిర్ణయం. పేరు గ్రీకుది అయినను, ఐరోపాలో మెడగల తంతివాద్యాలకు పెద్ద ప్రేరణ అరబ్బుల ఊద్. ఊద్ అంటే చెక్క. మనం ఇంట వెలిగించే ఊదుబత్తిలోని ఊదు ఆ మాటే. అల్-ఊద్ అనే మాటే ఐరోపా నోళ్ళలో ల్యూట్ అయినది. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాదు నుండి కార్డోవాకు వలసపోయిన జిర్యాబ్ అనే గాయకుడు ఊద్‌కు ఐదవ తంతి చేర్చాడని, కట్టె మీటుకు బదులు గద్ద ఈకతో మీటాడని పాత చరిత్రకారులు వ్రాశారు. అల్-కిందీ, అల్-ఫారాబీ వంటి తత్త్వవేత్తలు స్వరస్థానాలను ఊద్ మెడపైన కొలిచి లెక్క కట్టారు. సంగీతం విషయంలో మన పెద్దలలో భిన్నాభిప్రాయాలు ఉన్నవని మాకు తెలియును. వారితో వాదానికి దిగే అర్హత మాకు లేదు. నమాజు వేళ, పరీక్షల వేళ తంతిని ముట్టరాదన్న నియమం మాత్రం మాకు మేమే పెట్టుకొన్నాము.

నేటి గిటార్ ఆకారానికి స్పెయిన్ దేశపు ఆంతోనియో దె తోరెస్ 19వ శతాబ్దిలో రూపు దిద్దాడు. మేరువు నుండి గుర్రం వరకు తంతి పొడవు 650 మిల్లీమీటర్లు. ఆ పొడవును 17.817 చేత భాగించగా వచ్చే 36.5 మిల్లీమీటర్ల దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవ మెట్టు. ఇట్లు పోగా పన్నెండవ మెట్టు సరిగా 325 దగ్గర, అనగా సగంలో, పడుతుంది. అక్కడ పై స్థాయి షడ్జమం పలుకుతుంది. వీణకు 24 మెట్లు, మైనంపై నిలిపినవి. శ్రుతి చెడితే మైనం కరిగించి తిరిగి మేళం కట్టవచ్చును. గిటార్ మెట్లు చెక్కలో దిగగొట్టినవి. కొన్ననాడు తప్పుగా ఉంటే చచ్చేదాకా తప్పే. పాత గిటార్ కొనేటప్పుడు పన్నెండవ మెట్టుపై తంతిని తాకీ తాకనట్లు ముట్టి మీటవలెను. పిదప అదే మెట్టుపై నొక్కి మీటవలెను. రెండు స్వరాలూ ఒకటిగా పలకకపోతే సందేహించవలెను. దండిని కంటి దగ్గర పెట్టుకొని తుపాకి గురి చూచినట్లు చూడవలెను. గుర్రం కింద సన్నని కాగితం దూరితే, జిగురు వదలుతున్నదని అర్థం.

ఈ పరీక్షలు తెలియకనే మా రెండవ వాద్యమైన బాస్ గిటార్‌ను ఒక నగరంలో ఒక అంగడిలో కొన్నాము. దండి మెలి తిరిగి ఉన్నది. ‘కొత్త తీగలు వేస్తే అదే సర్దుకొంటుంది’ అన్నాడు అంగడివాడు. వేశాము. సర్దుకొనలేదు. ఏడాది తరువాత మంచి దండిగల మరొక బాస్ దొరికినది. పాతదాని విడిభాగాలు ఇప్పటికీ మాకు అక్కరకు వస్తున్నవి.

బాస్ గురించి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా వినేవారు దానిని గుర్తించరు, అది ఆగినప్పుడు మాత్రం ఏదో పోయిందని తెలుసుకొంటారు. గిటార్ అడుగు తంతి సెకనుకు 82.4 సార్లు కంపిస్తుంది. బాస్ అడుగు తంతి 41.2 సార్లు, సరిగా సగం. తంతి పొడవు రెట్టింపైతే కంపనం సగమవుతుంది. ఆ లెక్కన బాస్ తంతి 1300 మిల్లీమీటర్లు ఉండవలెను. అంత పొడవు భుజాన వేసుకొని మొదటి మెట్టును ఏ చేయి అందుకొంటుంది? కావున పొడవును సుమారు 864 దగ్గర ఆపి, తంతి చుట్టూ లోహపు తీగ చుట్టి బరువు పెంచారు. బరువైన తంతి నెమ్మదిగా ఊగుతుంది. అంతకు పూర్వం ఈ మంద్ర స్వరాలు మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే డబుల్ బాస్‌కే దక్కేవి; దానికి మెట్లు లేవు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ మెట్లుగల ఎలక్ట్రిక్ బాస్‌ను మార్కెట్‌లోకి తెచ్చి ప్రెసిషన్ బాస్ అని పేరు పెట్టాడు. మెట్లు ఉన్నవి గనుక స్వరం తప్పదని ఆ పేరు చెబుతున్నది. ఇళయరాజా పాటలను మంచి యంత్రంపై పెట్టి, గాయకుని మరచి, కింది స్థాయిని మాత్రమే ఒకసారి వినండి. బాస్ అక్కడ తాళానికి తోడు మాత్రమే కాదు, రెండవ రాగంలా నడుస్తుంది. ఆయన స్వయంగా గిటార్ వాద్యకారుడై సినిమా రంగానికి వచ్చినవారు.

ఎలక్ట్రిక్ గిటార్ మన సీమకు అనుకూలమైనది. దానికి డొల్ల పొట్ట లేదు; గట్టి చెక్క దిమ్మ. కావున చీలే భయం తక్కువ. తంతుల కింద అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు సన్నని రాగి తీగ ఉంటుంది. ఉక్కు తంతి ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి తీగలో విద్యుత్తు పుడుతుంది. అది యాంప్లిఫయర్‌లో పెద్దదవుతుంది. 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బ్యాకర్ ఫ్రయింగ్ పాన్ అనే తొలి ఎలక్ట్రిక్ గిటార్ ఒడిలో పెట్టుకొని ఉక్కు కడ్డీతో జార్చి వాయించే హవాయీ పద్ధతిది. మన చిత్రవీణను వాయించే తీరుకు అది దగ్గరి చుట్టం. విశ్వమోహన్ భట్ ఆ హవాయీ గిటార్‌నే మోహన వీణగా మలచి 1994లో గ్రామీ బహుమతి పొందారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మన శ్రీనివాస్ పాశ్చాత్యుల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఐదు తంతులకు మార్చి కర్ణాటక కచేరీ వేదికపై నిలిపారు. పరాయి వాద్యమని దానిని త్రోసివేసి ఉంటే 2014 వరకు సాగిన ఆ నాదం మనకు దక్కేదా?

మా సేకరణలో మూడవది ఇటువంటి పరాయి బిడ్డే. ఉరుసులలో కవ్వాలీ బృందాలు బెంజో అని పిలిచే బుల్‌బుల్ తరంగ్ అది. మా మిత్రుని తాతగారిది. టైపు మిషను మీటల వంటి మీటలు నొక్కి వాయిస్తారు. దీని మూలం 1912లో జపాన్‌లోని నగోయాలో పుట్టిన తైషోగోతో. అటు నుండి ఇటు ఒక వాద్యం వచ్చినట్లే, ఇటు నుండి అటు చెక్క పోయినది. మన శేషాచలం కొండల ఎర్రచందనాన్ని జపాన్‌వారు షామిసెన్ అనే మూడు తంతుల వాద్యపు దండికి శ్రేష్ఠమని భావిస్తారు. అమెరికాలో మార్టిన్ సంస్థ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను విడిచి మన దేశపు జిట్రేగికి మారినది. మా మిద్దెపై చీలిన గిటార్ వెనుకపలక కూడా జిట్రేగియే, అది చెక్కుచెదరలేదు.

ఇక సంరక్షణ. తేమను కొలిచే చిన్న యంత్రం కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. గిటార్ తీగల సెట్టు కంటె ముందు దానిని కొనవలెను. రంధ్రాలు పొడిచిన సబ్బు పెట్టెలో తడిపి పిండిన స్పాంజి ముక్క ఉంచి, దానిని గిటార్ పెట్టెలో పెట్టి మూయవలెను. తడి చెక్కకు తగలరాదు. రేకుల గది, బస్సు పైకప్పు, మూసిన కారు, మూడూ పనికిరావు. కింది అంతస్తులో ఉత్తరపు గది మేలు. ఉక్కు తంతులన్నీ కలిసి గుర్రాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతూ ఉంటవి. దీర్ఘ సెలవులకు పోయేటప్పుడు బిరడలను కొంత సడలించవలెను. మా గిటార్ చీలికను రెండు వర్షాకాలాల తరువాత అతికించుకొన్నాము. ముందు వారం రోజులు తేమలో ఉంచితే చీలిక చాలావరకు తానే మూసుకొన్నది. పిదప జిగురు, లోపల చిన్న చిన్న చెక్క బిళ్ళలు. మచ్చ కనిపిస్తుంది. నాదం తిరిగి వచ్చినది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇది వాద్యం గురించి కాదు, వాయించేవాని ప్రాణం గురించి. ఎలక్ట్రిక్ గిటార్ తంతులు యాంప్లిఫయర్ ఎర్తుతో కలిసి ఉంటవి. ఆ ఎర్తు సరిగా లేక లోపల ఎక్కడైనా లోపం ఏర్పడితే, చేతిలోని తంతులకే కరెంటు రావచ్చును. వేరొక ప్లగ్గుపై నడిచే మైకును పెదవి తాకగానే దేహం గుండా కరెంటు పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటార్ వాద్యకారుడు ఎర్తు లేని మైకును ముట్టి వేదికపైనే మరణించాడు. మన నేలలో ఈ ప్రమాదం హెచ్చు. ఎందుకనగా ఎండిన మట్టి విద్యుత్తును సరిగా తీసుకొనదు. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వదిలివేస్తే చాలదు, వేసవిలో దానికి నీరు పోస్తూ ఉండవలెను. వార్షికోత్సవానికి ముందు సభావేదిక వద్ద ఒక మంచి ఎర్తు గుంట, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును తెంచే బ్రేకరు, మైకులకూ యాంప్లిఫయర్లకూ కలిపి ఒకే బోర్డు, కింది అంతస్తులో వాద్యాలకు ఒక చెక్క బీరువా కోరుతున్నాము. బీరువా ఆలస్యమైనా సరే, మొదటి మూడూ ముందు కావలెను.

మేము సాధన చేసే ఇంటిలో అటువంటి గుంట ఇప్పటికే త్రవ్వుకొన్నాము. తాగే నీటికి బిందెలు వరుసలో నిలబెట్టే రోజులలో గుంటకు నీరు పోయడం చూచి ఇరుగుపొరుగు నవ్వారు. కావున ఇప్పుడు బట్టలు ఉతికిన నీటినే పోస్తున్నాము. ఈ వారం వంతు మా వాణిజ్య శాఖ మిత్రునిది.