కాఫీ కప్పులోకి నిమ్మ ఎలా వచ్చింది?

మేలురకం కాఫీ ప్యాకెట్ల మీద ఈమధ్య ఒక చిన్న వరుస కనిపిస్తోంది: నిమ్మ, బెల్లం, మల్లె, కోకో. విప్పి చూస్తే లోపల ఉండేది వేయించిన కాఫీ గింజ ఒక్కటే. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, వరికుంటపాడులో ఎవరైనా ఆ గింజల పొడి తెచ్చుకుని, డికాక్షన్ దించి, పాలు కలుపుకుని తాగితే నిమ్మ జాడ ఎక్కడా తగలదు. ఇదంతా అమ్ముకోవడానికి రాసిన రాత అనుకుంటారు. ఆ అనుమానం న్యాయమైనదే. అయితే ఆ వరుస వెనుక రసాయనశాస్త్రం ఉంది, కఠినమైన రుచి పరీక్ష ఉంది. సరిగ్గా రాసిన కాఫీ వర్ణన ఒక పరీక్షా నివేదికతో సమానం. తాగేవారు దాన్ని సరిచూసుకోగలగాలి.

గింజలో ఏముంది?

పచ్చి అరబికా గింజ బరువులో 6 నుంచి 9 శాతం దాకా చక్కెర ఉంటుంది. రొబస్టాలో అంతకంటే తక్కువ. నిమ్మకు పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లం, ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం రెండూ కాఫీ గింజలో సహజంగానే ఉన్నాయి. గింజను వేయిస్తున్నప్పుడు దానిలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. ఇదే మెయిలార్డ్ చర్య. వేడి 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరువయ్యేసరికి గింజ చిటపటమంటూ పగులుతుంది. వేయించిన కాఫీలో ఆవిరై ముక్కుకు చేరగల పదార్థాలను శాస్త్రవేత్తలు 800కు పైగా గుర్తించారు. ధనియాలకు, మల్లెలకు పరిమళమిచ్చే లినలూల్ వాటిలో ఒకటి. పాకం వాసననిచ్చే ఫ్యూరనియోల్, పొగ వాసననిచ్చే గ్వయకోల్ కూడా ఉన్నాయి. కాబట్టి ‘మల్లె’ అని రాసినవారు కవిత్వం చెప్పారనుకోనక్కర్లేదు. పువ్వులోని పదార్థమే కప్పులోనూ ఉండవచ్చు. గింజను మరీ నల్లగా వేయిస్తే ఆమ్లాలు విరిగిపోతాయి, సున్నితమైన పరిమళాలు ఎగిరిపోతాయి, చేదూ పొగ వాసనా మిగులుతాయి.

నాలుక చెప్పేది కొంతే

తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే కమ్మదనం. నాలుక గట్టిగా పట్టగల రుచులు ఇవే. మిగతాదంతా ముక్కు పని. గుక్క మింగినప్పుడు నోటి వెనుక దారిగుండా ఆవిరి ముక్కులోకి ఎక్కుతుంది. అక్కడ సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు దాన్ని పసిగడతాయి. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెలుగులోకి తెచ్చిన రిచర్డ్ యాక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ముక్కు మూసుకుని ఒక గుక్క కాఫీ తాగి చూడండి. చేదు, కాస్త పులుపు తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదలగానే కాఫీ కాఫీ అవుతుంది.

ఈ ముక్కు సులభంగా మాట వింటుంది కూడా. 2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒకే వాసనను చూపించి, ఒకసారి చీజ్ అనీ మరోసారి ఒంటి చెమట అనీ పేరు పెట్టారు. చీజ్ అన్నప్పుడు జనానికి అది ఎక్కువ నచ్చింది. అంటే ప్యాకెట్ మీది మాట తాగేవారి అనుభవాన్నే మార్చగలదు. అంత బలం ఉన్న మాటను ఇష్టమొచ్చినట్టు వాడకూడదు.

కొలిచి రుచి చూడడం

అందుకే కాఫీ రంగంలో కప్పింగ్ అనే పద్ధతి ఏర్పడింది. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి. నీటి వేడి సుమారు 93 డిగ్రీలు. నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో చీల్చి వాసన చూస్తారు. కాస్త చల్లారాక చెంచాతో గట్టిగా జుర్రుతారు. ఆ జుర్రుతో కాఫీ తుంపరలై నోరంతా పరుచుకుంటుంది, ఆవిరి ముక్కుకు చేరుతుంది. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పద్ధతిలో నూటికి 80 లేదా అంతకు మించి మార్కులు వచ్చినదే స్పెషాల్టీ కాఫీ, అంటే మేలురకం. వరల్డ్ కాఫీ రీసెర్చ్ సంస్థ 2016లో 110 లక్షణాలతో రుచుల పట్టిక వెలువరించింది. ప్రతి లక్షణానికీ పోల్చి చూసుకోవడానికి ఒక నమూనా పదార్థాన్ని, తీవ్రతకు ఒక అంకెను అందులో ఇచ్చారు. 2023లో స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ మరో అడుగు వేసింది. కప్పులో ఏముందో చెప్పడం, అది నచ్చిందో లేదో చెప్పడం రెండింటినీ వేర్వేరు పత్రాలుగా విడదీసింది. వర్ణన రాసే ప్రతివారికీ ఇది మొదటి పాఠం.

అరకు నేర్పింది

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో గిరిజన రైతులు అరబికా పండిస్తున్నారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. చల్లదనం వల్ల పండు నెమ్మదిగా పక్వమవుతుంది, గింజలో చక్కెర చేరుతుంది. ఎర్రగా పండిన కాయలనే ఏరి, అదేరోజు పై తోలు తీసి, జిగురు పులియబెట్టి కడిగితే రుచి తేటగా వస్తుంది. తోలుతోనే ఎండబెడితే పండ్ల వాసన పెరుగుతుంది. కటిక నేల మీద ఆరబెడితే మట్టి వాసన పడుతుంది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి రైతుల కాఫీకి కప్పింగ్ పోటీలు పెట్టి, అంతర్జాతీయ నిపుణుల చేత రుచి చూపించింది. 2017లో అరకు కాఫీ దుకాణం పారిస్‌లో తెరుచుకుంది. 2018లో అక్కడే ఆ కాఫీకి ప్రీ ఎపిక్యూర్ పురస్కారాల్లో బంగారు పతకం దక్కింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కప్పులోని రుచిని రైతు చేసిన పనితో ముడిపెట్టి చెప్పగలిగినప్పుడే వర్ణన రైతుకు ఉపయోగపడుతుంది.

వరికుంటపాడులో నిమ్మ ఎందుకు దొరకదు?

మొదటి కారణం నీరు. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతాల బోరు నీటిలో ఫ్లోరైడ్ బెడద ఎప్పటినుంచో ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భజలం సాధారణంగా క్షారగుణంతో, బైకార్బనేట్‌తో కూడి ఉంటుంది. బైకార్బనేట్ కాఫీలోని ఆమ్లాలను తటస్థం చేస్తుంది. నిమ్మ పులుపు అక్కడే అణిగిపోతుంది. క్యాన్‌లో వచ్చే ఆర్ఓ నీటితో ఇబ్బంది ఇంకో రకం. ఖనిజాలు మరీ తగ్గిన నీటిలో కాఫీ చప్పగానో, మరీ పుల్లగానో దిగుతుంది. నిపుణులు సూచించే నీటిలో లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి.

రెండో కారణం పాలు. పాలలోని కేసీన్ ప్రోటీన్ వగరునిచ్చే పదార్థాలను పట్టేసుకుంటుంది, పాలలోని కొవ్వు కాఫీ పరిమళాలను తనలో దాచుకుంటుంది. మిశ్రమం పొడి వాడితే మూడోది చికోరీ. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశ నిబంధన. మిగిలిన 49 శాతం దాకా వేయించిన చికోరీ వేరు ఉండవచ్చు. ఇన్ని మార్పులు జరిగాక కప్పింగ్ గదిలో దొరికిన నిమ్మ ఇంట్లో దొరకలేదంటే ఆ లోపం తాగినవారి నాలుకది కాదు. ఆ కాఫీని ఎలా కాచి రుచి చూశారో వర్ణన రాసినవారు చెప్పి ఉండాల్సింది.

ఎలా రాయాలి?

మన వంటింట్లో, మన తోటల్లో దొరికే నమూనాలతో రాయాలి. ఎన్నడూ తినని బ్లూబెర్రీతో పోలిస్తే నెల్లూరు పాఠకులు దేనితో సరిచూసుకుంటారు? ఒక నమూనా వర్ణన ఇలా ఉండవచ్చు: ‘మధ్యస్థంగా వేయించినది. పొడి వాసనలో ధనియాలు. తొలి గుక్కలో బత్తాయి తొన పులుపు, ఓ మోస్తరుగా. మింగాక తాటి బెల్లం తీపి. చల్లారితే నేరేడు వగరు, కొద్దిగా. పాలు కలిపితే పులుపు తగ్గి, వేయించిన వేరుశనగ కమ్మదనం నిలుస్తుంది.’ ఇందులో అద్భుతం, అమోఘం వంటి మాటలు లేవు. ఏది ఎప్పుడు తగులుతుందో, ఎంత తగులుతుందో, పాలతో ఏమవుతుందో ఉన్నాయి.

ఇది పుట్టుకతో వచ్చే విద్య అని భయపడనక్కర్లేదు. ఆకు రంగు చూసి, చేత్తో తడిమి, వాసన పట్టి పొగాకు నాణ్యత చెప్పగల రైతులు కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాలకు వస్తూనే ఉంటారు. ఇంద్రియాలకు ఆ చురుకు సాధనతోనే వస్తుంది.

కాఫీ అమ్మేవారికి ఒక విన్నపం. మీ ప్యాకెట్ మీద రుచిని తెలుగులో రాయండి. గింజ ఊరు, వేయించిన తేదీ, చికోరీ శాతం, కాచిన పద్ధతి, పాలతో వచ్చే రుచి కూడా దాని పక్కనే చెప్పండి. కొనేవారు కూడా ఈ వివరాలు అడగాలి. అడిగేవారు పెరిగితేనే రాత నిజాయతీగా ఉంటుంది, మంచి గింజ పండించిన గిరిజన రైతుకు తగిన ధర అందుతుంది.