విమానాశ్రయ భాగస్వాములు.. ఎవరి అనుభవం ఏమిటి?

శంషాబాద్: విమానాశ్రయానికి వెళ్లే ప్రయాణికుడికి రన్‌వే, టెర్మినల్ కనిపిస్తాయి. వాటికి పెట్టుబడి పెట్టిందెవరు, నిర్వహణ తెలిసినవారెవరు, భూమి ఇచ్చిందెవరు అన్నవి కనిపించవు. టికెట్టుతో పాటు యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు చెల్లిస్తూ ఆ వ్యయంలో కొంత భరించేది ప్రయాణికుడే. కనుక భాగస్వాముల పూర్వానుభవం తెలుసుకోవడం అతనికీ అవసరమే. రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇందుకు చక్కని ఉదాహరణ.

నలుగురి కలయిక

ఈ విమానాశ్రయ నిర్మాణ, నిర్వహణ హక్కులపై కేంద్రంతో 2004 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 2005 మార్చిలో శంకుస్థాపన జరగగా, 2008 మార్చి 23న విమానాల రాకపోకలు మొదలయ్యాయి. ఇందుకోసం ఏర్పడిన సంస్థలో జీఎంఆర్‌కు 63 శాతం, మలేసియా ఎయిర్‌పోర్ట్స్ హోల్డింగ్స్‌కు 11 శాతం వాటాలు దక్కాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెరి 13 శాతం తీసుకున్నాయి.

జూట్ మిల్లుతో ఆరంభం

జీఎంఆర్ వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు నాటి శ్రీకాకుళం జిల్లా రాజాం వాసి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, జూట్ మిల్లుతో వ్యాపారం ఆరంభించారు. తర్వాత చక్కెర, బ్యాంకింగ్, విద్యుత్, రహదారుల రంగాలకు విస్తరించారు. నిధుల సమీకరణ, భారీ నిర్మాణాల అనుభవం ఆ సంస్థకు ఉన్నా విమానాశ్రయం నడిపిన అనుభవం లేదు. దానికి ఇదే తొలి విమానాశ్రయం.

ఆ లోటును తీర్చింది మలేసియా సంస్థ. 1998లో ప్రారంభమైన కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని నడుపుతున్న అనుభవం దానిది. వాటా చిన్నదైనా, తెచ్చిన నైపుణ్యం చిన్నది కాదు.

ప్రభుత్వాల పాత్ర

1995లో రెండు సంస్థల విలీనంతో ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి దేశంలోని విమానాశ్రయాలను, గగనతల రాకపోకలను నిర్వహించిన అనుభవముంది. రాష్ట్ర ప్రభుత్వం సుమారు 5,500 ఎకరాలను లీజుకిచ్చింది. రూ.315 కోట్ల వడ్డీలేని రుణం, రూ.107 కోట్ల గ్రాంటు సమకూర్చింది. అంటే ప్రజాధనమూ ఇందులో భాగస్వామియే. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఆ 13 శాతం తెలంగాణకు చెందింది.

మారిన వాటాలు

కాలక్రమంలో జీఎంఆర్ తానే అనుభవం గడించింది. 2006లో ఢిల్లీ విమానాశ్రయ బాధ్యతలు చేపట్టింది. 2020లో పారిస్ విమానాశ్రయాలను నడిపే గ్రూప్ ఏడీపీ, జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 49 శాతం వాటా పొందింది. 2024 ఆరంభంలో మలేసియా సంస్థ తన 11 శాతాన్ని జీఎంఆర్‌కు విక్రయించి వైదొలగింది. దీంతో శంషాబాద్‌లో జీఎంఆర్ వాటా 74 శాతానికి చేరింది. అంతకుముందే, 2022లో కేంద్రం నిర్వహణ గడువును 2068 మార్చి వరకు పొడిగించింది.

గడువు ఇంత సుదీర్ఘం కావడంతో నేటి ఒప్పందాల ఫలితాన్ని రేపటి తరమూ అనుభవించాలి. రుసుములపై ఇష్టారాజ్యం సాగకుండా, 2008 నాటి చట్టంతో ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ ఎకనమిక్ రెగ్యులేటరీ అథారిటీ వాటిని నిర్ణయిస్తోంది. ప్రతిపాదనలపై ప్రయాణికులూ అభిప్రాయాలు తెలపవచ్చు.

అడగవలసిన ప్రశ్నలు

తమ ప్రాంతంలో కొత్త విమానాశ్రయం ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రజలు మూడు విషయాలు ఆరా తీయాలి. నిర్మించే సంస్థ గతంలో ఏం నిర్మించింది? నడిపే సంస్థ ఎక్కడ నడిపింది? ఆ అనుభవజ్ఞులు మధ్యలో వైదొలగితే బాధ్యత ఎవరిది? శంకుస్థాపనకు ముందే వీటికి సమాధానాలు రాబట్టుకోవడం మేలు.