కల్పిత లోకములు - మాటల దారులు

తెరమీద నిర్మింపబడి, అనేకులు ఒక్కసారి ప్రవేశించి, రూపములు ధరించి ఆడుచు తిరుగుచుండు చోటును కల్పిత లోకమందురు. అందు కలిసినవారు మాటలాడుకొనుటకు ఆ లోకములోని ఏర్పాటే చాలునా, లేక ఆ లోకమునకు ప్రత్యేకముగా వేరొక యాప్ ఉండవలెనా? ఆటలో కలిసిన స్నేహము ఆటతోనే ముగియవలెనా అనునదే ఈ ప్రశ్నలోని సారము.

హిందూపురము సంతలో బేరము ఎదురెదురుగా జరుగును. దగ్గరివాని మాట గట్టిగాను, దూరమందున్నవాని మాట సన్నగాను వినబడును. 2003లో వెలసిన ‘సెకండ్ లైఫ్’ అను కల్పిత లోకము 2007లో స్వరసౌకర్యమును చేర్చినపుడు ఈ ధర్మమునే పాటించెను. ఎవరు ఎచ్చట నిలిచియున్నారో ఆ లోకమునకే తెలియును. బయటి యాప్‌నకు సాధారణముగా తెలియదు. కనుక ఆటలోని మాట ఆటలోనే ఉండుట మేలు.

సంత విడిచి ఇల్లు చేరిన తరువాత కబురు పంపవలెనన్న సంగతి వేరు. ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. అట్టి కర్మాగారములో ఒకడు పగటి షిఫ్టున, వాని మిత్రుడు రాత్రి షిఫ్టున పనిచేయుచున్నారనుకొందము. ఇరువురును ఒకే వేళ ఆటలోనికి రాలేరు. ఒక్క వాక్యము చదువుటకై బరువైన ఆటనంతయు తెరచుట కాలమునకును, డేటాకును నష్టము. ఈ అవసరము కొరకే సెకండ్ లైఫ్ లోకములోనికి పోకుండగనే మాటలాడుటకు ‘స్లిమ్’ అను చిన్న యాప్ 2009లో ప్రయోగముగా వచ్చెను.

మన దేశమున దీని అవసరము 2020లో స్పష్టమైనది. ఆ సంవత్సరము సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించెను. అందు పబ్జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30న దాని సేవ ఇచ్చట పూర్తిగా నిలిచెను. ఆటలోని జాబితాయందు మాత్రమే పేర్లు తెలిసియున్న జతగాండ్రకు ఒకరినొకరు చేరు దారి మూసికొనిపోయినది. ముందే వేరు దారి ఏర్పరచుకొన్నవారు మాత్రము పలుకరించుకొనగలిగిరి.

అట్లని ప్రతి లోకమునకు ఒక యాప్ కావలెననుట సరికాదు. ఐదు ఆటలకు ఐదు యాప్‌లైనచో ఫోనులో చోటు చాలదు. పైగా లోకము మూతపడినపుడు దాని యాప్ కూడ దానితోనే పోవును. అన్ని ఆటలవారికిని ఉమ్మడిగా 2015లో వచ్చిన డిస్కార్డ్ వంటిది ఇందుకు తగినది. అందు మారుపేరుతో మెలగవచ్చును గనుక అపరిచితునకు ఫోను నంబరు ఈయనక్కరలేదు. ఇంటిలో పిల్లలు ఆడుచున్నచో పెద్దలు ఈ విషయమును తప్పక గమనింపవలెను.

చోటునకు సంబంధించిన మాటను ఆ చోటనే ఉంచవలెను. మనిషికి సంబంధించిన మాటకు మాత్రము, ఆట మూతపడినను మూతపడని దారియొకటి ముందే ఏర్పరచుకొనవలెను.