గొర్రెపిల్ల వెల ఎంత?

మా కోడలు ఫోనులో దుకాణం పెడతానన్నప్పుడు నేను నవ్వాను. దుకాణమంటే నాకు తెలిసినది మా వీధి చివరి కిరాణా కొట్టు. సీసాలలో బిళ్ళలు, తూకపు రాళ్ళు, గోడమీద బొగ్గుతో వ్రాసిన అప్పులు. తలుపూ గల్లాపెట్టే లేని దుకాణం ఏమిటో నాకు అంతుపట్టలేదు. 2022 వానాకాలంలో మొదలైన ఆ దుకాణానికి ఇప్పుడు పద్దులు వ్రాసేది నేనే. కూటాలకు వెళ్ళినచోటల్లా సహోదరీలు, "మేమూ అల్లగలం, కుట్టగలం. మీరెలా అమ్ముతున్నారు?" అని అడుగుతున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు వ్రాస్తున్నాను. మేము చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది. నిజానికి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

మాది నరసాపురం దగ్గర పల్లె. ఇక్కడ లేసు అల్లిక రాని ఇల్లు అరుదు. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దంపతులు ఈ పనిని మన స్త్రీలకు నేర్పారని మా పెద్దలు చెప్పేవారు. ఒక చిన్న కొక్కెం సూది, ఒక దారపు ఉండ, ఇంతే సరంజామా. పొయ్యిమీద ఎసరు కాగుతుండగా, పసిబిడ్డ ఒడిలో ఉండగా, చేతులు మాత్రం ఆగవు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త విని మేమందరం సంతోషించాం గాని, మరునాడు పొద్దున అల్లినదానికి వచ్చిన కూలి మాత్రం నిన్నటిదే.

మా కోడలు బల్లగుడ్డలు, దిండు గలీబులు అల్లలేదు. సండేస్కూలు పిల్లలకు పాఠం చెప్పడానికని మొదట ఒక గొర్రెపిల్లను అల్లింది. కోల్పోయిన గొర్రె కథ చెప్పేటప్పుడు దానిని బల్ల క్రింద దాచి, పిల్లలచేత వెదికించేది. తరువాత యోనాను మ్రింగిన చేప, ఏలీయాకు రొట్టె తెచ్చిన కాకి, బిలాము గాడిద వచ్చాయి. హైదరాబాదు నుండి సెలవులకు వచ్చిన ఒక కుటుంబంవారు చూసి, ఫొటోలు తీసుకొని వెళ్ళారు. వారం తిరిగేసరికి నాలుగు గొర్రెపిల్లలు కావాలని కబురు. అలా మొదలైంది. వాట్సాప్‌లో వ్యాపారస్తులకని వేరే యాప్ ఉన్నది, అందులో వస్తువుల పట్టిక పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, డబ్బు రావడానికి యూపీఐ, సరకు పంపడానికి పోస్టాఫీసు. దుకాణమంతా ఇంతే.

ఏ బొమ్మకు గిరాకీ ఉంటుందో ముందుగా చెప్పలేము. కొల్లేటి గూడబాతును అల్లితే రెండు నెలలు ఎవరూ పలకరించలేదు. ఒంగోలు గిత్త బాగానే పోయింది. తమాషాకు పులస చేపను అల్లి పెడితే మాత్రం, గోదావరి విడిచి అమెరికాలోనూ గల్ఫులోనూ ఉంటున్నవారు ఎగబడ్డారు! అక్కడివారి తరఫున ఇక్కడి బంధువులు కొని, వెళ్ళేవారి పెట్టెల్లో పంపుకున్నారు. అసలు పులస కంటే ఈ పులస చవక అని మా కోడలి నవ్వు. సినిమాలలోని కార్టూను ఎలుకనూ ఎలుగుబంటినీ అల్లమని అడిగేవారు చాలామంది. అవి వేరొకరి సొత్తు. వాటిని అమ్ముకొనే హక్కు మనకు లేదు గనుక అల్లలేదు.

తెలియక చేసిన చిన్న పొరపాట్లు కొన్ని చెబుతాను. మొదట్లో బొమ్మను ఒంటరిగా ఫొటో తీసేవాళ్ళం. అందుకున్నవారు "ఇంత చిన్నదా!" అని నొచ్చుకున్నారు. ఇప్పుడు ప్రక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తున్నాం, కొలత అంగుళాలలో వ్రాస్తున్నాం. ఫొటోకు రంగుల మెరుగులు దిద్దము. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ అరుగుమీద పెట్టి తీస్తే చాలు. ఒకసారి ఎర్రదారం రంగు దిగి, ఒక పసిబిడ్డ తెల్లగౌను పాడయింది. ఆ తల్లి కోప్పడలేదు గాని, మాకు మొహం చెల్లలేదు. బొమ్మ డబ్బుతోబాటు గౌను డబ్బు కూడా పంపాం. అప్పటినుండి ప్రతి రంగు దారాన్నీ ఉప్పునీళ్ళలో నానబెట్టి, తెల్లగుడ్డకు రుద్ది చూసి గాని సూది పట్టము. కళ్ళకు గుండీలు కుట్టడం మానేశాం. పసివారు పీకి మ్రింగుతారు. నల్లదారంతోనే కళ్ళు కుడుతున్నాం.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 2021 జనవరి 1 నుండి మన దేశంలో పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన చేతిపనివారు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కనుక ఆటబొమ్మలు అమ్మదలచినవారు ముందుగా ఆ గుర్తింపు కార్డు తీసుకోవాలి. మాకు ఈ మాట తెలిసేసరికి సగం ఏడాది గడిచిపోయింది. తెలిసిన రోజున అమ్మకం ఆపి, కార్డులు చేతికి వచ్చాకే మళ్ళీ తెరిచాం.

మోసగాళ్ళున్నారు. ఒకాయన తాను మిలిటరీ ఆఫీసరునని, 50 బొమ్మలు కావాలని, బేరమాడకుండా ఒప్పుకొని, "డబ్బు పంపుతున్నాను, మీ పిన్ నొక్కండి" అన్నాడు. మా కోడలి వేలు ఫోనుమీదికి వెళ్ళింది కూడా. డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు. పోవడానికే నొక్కాలి. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఇక అసలు సంగతికి వస్తాను. గిరాకీ పెరిగాక మా స్త్రీల సమాజంలో తొమ్మిదిమంది పనిలో చేరారు. 2024 వేసవిలో అయిదంగుళాల గొర్రెపిల్లను 249 రూపాయలకు, పోస్టు ఖర్చుతో సహా, అమ్ముతున్నాం. ఒక్క మే నెలలోనే 61 పోయాయి. ఇంట్లో అందరం సంబరపడ్డాం. నేను మాత్రం బడిపంతులమ్మగా చేసినదాన్ని, లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితం తీసుకొని కూర్చున్నాను. దారం 55, లోపల కూరే దూది 12, రిబ్బను వగైరా 8, అట్టపెట్టె, టేపు 20, పోస్టు 60. మొత్తం 155. మిగిలింది 94. అందులో అల్లినవారికి 60 ఇస్తున్నాం, 34 మాది.

"ఒక గొర్రెపిల్లకు ఎన్ని గంటలు పడుతుంది?" అని కోడలిని అడిగాను.

"అయిదు గంటలు అత్తయ్యా. చెయ్యి తిరిగినవాళ్ళకే."

అయిదు గంటలకు 60 అంటే గంటకు 12 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఎనిమిది గంటలు వేసుకున్నా గంటకు 37 పైచిలుకు. మట్టి తవ్వే చేతికి ఇచ్చే దానిలో మూడోవంతు కూడా మేము ఇవ్వడం లేదు. పైగా గొర్రెపిల్ల మెడలో "ప్రేమతో అల్లినది" అని చిన్న చీటీ కట్టి పంపుతున్నాం.

మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు మా నరసాపురం లేసు పనివారి గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇది ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు తీరికవేళ చేసుకొనే పని అని అందరూ అనుకోవడం వల్లే దానికి కూలి పెరగలేదని ఆమె తేల్చారు. అల్లేవారు కూడా తమను పనివారమని అనుకోలేదట. మా అమ్మ తరం వారు ఏజెంట్లను తిట్టుకుంటూనే ముక్కకింత అని పుచ్చుకొని బ్రతికారు. ఇప్పుడు ఏజెంటు స్థానంలో నేనూ, నా కోడలూ కూర్చున్నాం. యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయంలో, కోతవారికి ఇవ్వక బిగబట్టిన కూలి గురించి వ్రాసిన మాట నేను ఎన్నోసార్లు స్త్రీల కూటంలో చదివి వినిపించినదే. చేలున్న ఆసాములకు చెప్పిన మాట అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా అబ్బాయి, "బజారులో మిషను బొమ్మ 150కి దొరుకుతుంటే మనం ధర పెంచితే ఎవరు కొంటారు?" అన్నాడు. అది అన్యాయమైన మాట కాదు. చివరకు గంటకు 40 చొప్పున అయిదు గంటలకు 200 కట్టాం. సరకులకు 95, ఫొటోలు, ప్యాకింగు, ఫోను ఖర్చులకు 60, పాడైనవీ తిరిగి వచ్చినవీ భరించడానికి 20. అంతా కలిపి 375, పోస్టు ఖర్చు వేరు. పట్టికలో ధర మార్చి, ఈ లెక్కంతా క్రింద విడివిడిగా వ్రాసి పెట్టాం. దాచడానికేముంది?

జూలైలో 19 గొర్రెపిల్లలు అమ్ముడుపోయాయి. ఆగస్టులో 14.

అప్పుడే పట్నం నుండి ఒక గిఫ్టుషాపువారు ఫోను చేశారు. క్రిస్మసుకు 300 గొర్రెపిల్లలు కావాలి, ఒక్కొక్కటి 180 చొప్పున, సగం డబ్బు ముందే ఇస్తారు. 54,000 రూపాయలు! ఆ మాట తొమ్మిదిమందినీ పిలిచి చెప్పాం. మేము ఒప్పుకోదలచుకోలేదని, ఎందుకో కూడా లెక్క వేసి చూపించాం. వారు మెచ్చుకుంటారని లోలోపల అనుకున్నానేమో, దేవునికి తెలుసు. ఇద్దరు పిల్లలున్న ఒక విధవరాలు లేచి, "టీచరుగారూ, మీ లెక్క బాగానే ఉందండీ. మీకు పెన్షను వస్తుంది. నాకు ఆ 60 కూడా పోయిందిగా" అంది. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. ఈ రోజుకీ ఆమెకు చెప్పదగిన జవాబు నా దగ్గర లేదు. ఆమె, మరొకామె మళ్ళీ పాత ఏజెంటు దగ్గరికే వెళ్ళిపోయారు. ఆ ఆర్డరు మేము తీసుకోలేదు.

చౌకగా అల్లగలిగినది వేరే ఏదైనా ఉందేమో చూడాలని అప్పుడు తోచింది. గొర్రెపిల్లకు అయిదు గంటలు తప్పవు. పిచ్చుకకు గంటంబావు చాలు. మిగిలిపోయిన దారపు ముక్కలే సరిపోతాయి. రెండు కాసులకు అయిదు పిచ్చుకలు అమ్మబడడం గురించి ప్రభువు చెప్పిన సంగతి లూకా సువార్తలో ఉంది కదా, అలాగే అయిదేసి పిచ్చుకలను ఒక దండగా గ్రుచ్చి, గుమ్మానికి వ్రేలాడదీసుకొనేలా చేశాం. గంటకు అదే 40 చొప్పున లెక్క వేస్తే అయిదింటి కూలి 250. దండ వెల 340. గొర్రెపిల్లను కొననివారు దీనిని కొన్నారు. గృహప్రవేశాలకు, పెండ్లిండ్లకు పది, ఇరవై కలిపి తీసుకున్నారు. 2024 డిసెంబరులో 88 దండలు పోయాయి. గొర్రెపిల్లలు కూడా 40 దాటాయి. 2025లో కొన్ని నెలలు బాగున్నాయి, కొన్ని నెలలు ఏమీ లేవు. వేసవిలో అయితే పోస్టాఫీసు మొహమే చూడలేదు.

చేతిపని మొదలుపెట్టాలనుకొనే వారు అల్లికే నేర్చుకోవాలని లేదు. జంతువుల బొమ్మలకు మన తెలుగునాట కొదువ లేదు. తెల్లపొణికితో కొండపల్లివారు, అంకుడు కర్రతో ఏటికొప్పాకవారు ఏనుగులనూ పక్షులనూ ఎన్ని తరాలుగా చేస్తున్నారో! వాటిని కొని తెచ్చి ఫోనులో అమ్మేవారున్నారు. అదీ మంచి పనే. అయితే చేసినవారి ఊరి పేరు చెప్పి అమ్మాలి, వారికి ఎంత ముట్టిందో అడిగి తెలుసుకోవాలి.

మా పద్దు పుస్తకంలో ఇప్పుడు ఒక గడి ఎక్కువైంది. ఎవరెన్ని గంటలు అల్లారో ఎవరికి వారే అందులో వ్రాసుకుంటారు. మొదట్లో అందరూ తక్కువ వేసుకొనేవారు. మధ్యలో కూర వండాను, బిడ్డను నిద్రపుచ్చాను అని తీసివేసేవారు. తరువాత సరిగ్గా వ్రాయడం అలవాటు చేసుకున్నారు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక ఆ విధవరాలు సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "పిచ్చుకలకు దారం ఉందాండీ?" అని మాత్రం అడిగింది. మా కోడలు మూడు ఉండలు, దూది సంచీ తెచ్చి ఇచ్చింది. నాలుగు రోజులకు ఆమె పది పిచ్చుకలతో వచ్చింది. గంటల పుస్తకం ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. కాసేపు ఆలోచించి, గంటకొక నిలువు గీత చొప్పున పన్నెండు గీతలు గీసింది. ఆగి, మళ్ళీ వంగి, ప్రక్కన ఒక సగం గీత పెట్టింది.